మాటల్లేని సీనులో వినిపించిన గొంతు

పిల్లల మీద ఒట్టు వేయమంటే వేయను. పిల్లల మీద ఒట్లు నాకిష్టం లేదు. దేవుడి పటం ముందు నిలబడి చెప్పమంటే మాత్రం చెబుతాను. ఇది జరిగింది. నాకే జరిగింది. ఆ రాత్రి నాకు జ్వరం లేదు... నిద్రమత్తు లేదు... ఒంటరిగా కూడా లేను. ఈ సంగతి ఇంతకుముందు ఇద్దరికి చెప్పాను. ఒకరు నవ్వారు. ఇంకొకరు మాట మార్చారు. మీరేం చేస్తారో మీ ఇష్టం. చివరిదాకా వినండి, అంతే.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నా పేరు పద్మ. మాది తెనాలి దగ్గర. మా ఆయనకు పరవాడ వైపు మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. అందుకని అనకాపల్లిలో ఇల్లు తీసుకున్నాం. బెల్లం మార్కెట్‌కి కాస్త ఇవతల, పాత డాబా ఇల్లు. కింద ఇంటివాళ్ళు, పైన మేము. ఆయనకు నైట్ షిఫ్టులు ఎక్కువ. నేను ఇంట్లో కూర్చునే పని చేస్తాను. వేరే దేశాల పాత సినిమాలకు తెలుగులో సబ్‌టైటిల్స్ రాస్తాను. ఇంగ్లీషు స్క్రిప్టు పంపిస్తారు, సినిమా ఫైలు పంపిస్తారు. చూసుకుంటూ రాయడమే.

ఇంటివాళ్ళంటే సత్యవతి గారు, ఆవిడ కొడుకు, కోడలు. కొడుకుది మార్కెట్లో బెల్లం కొట్టు. సత్యవతి గారికి డెబ్భై దాటాయి. భర్త అప్పటికే పోయారు. ఆయన్ని నేను చూడలేదు. కింద హాల్లో దండ వేసిన ఫొటో ఉంటుంది, అంతే. నేనావిడను పిన్నిగారూ అని పిలుస్తాను. ఆవిడ మాట అర్థం కావడానికి మొదట్లో నాకు కొన్ని నెలలు పట్టింది. ఇప్పటికీ ఇక్కడి యాస నాకు రాదు. ఎప్పుడైనా సరదాకి ప్రయత్నిస్తే కూరగాయలబ్బాయి నవ్వేస్తాడు.

ఆవిడకు సినిమాలంటే ప్రాణం. నా పనేంటో తెలిశాక మెల్లగా పైకి రావడం మొదలుపెట్టింది. కంటి ఆపరేషన్ అయింది, కింద పడే అక్షరాలు చదవలేదు. అందుకని నేను రాసినవి నేనే పైకి చదివేదాన్ని. తెర మీద వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడతారు, నేను తెలుగులో చదువుతాను. ఆవిడ ఊఁ కొడుతుంది. కథ చెబుతుంటే ఊ కొట్టినట్టు. నాకూ అది పనికొచ్చేది. చదివితే నాలుక ఎక్కడ తడబడుతుందో అక్కడ మాట మార్చేదాన్ని.

ఆ సినిమా పేరు చెప్పినా మీకు తెలియదు. నాకూ తెలియదు, ఆ ఫైలు వచ్చేదాకా. నెట్‌లో వెతికితే ఒక పోస్టరు కూడా దొరకలేదు. పెద్ద యుద్ధం అయిపోయిన రోజుల్లో తీసింది. బ్లాక్ అండ్ వైట్. ఏదో చలి దేశం. ఒక నది, ఒడ్డున చిన్న ఊరు, పడవలు ఆగే రేవు. ఒకామె భర్త యుద్ధానికి వెళ్ళి తిరిగి రాడు. అతని స్నేహితుడు వస్తాడు. కందకాల్లో రాత్రిళ్ళు ఆ భర్త తన భార్య గురించి చెప్పుకున్న కబుర్లన్నీ ఇతనికి కంఠతా వచ్చు. రోజూ సాయంత్రం రేవు దగ్గర కూర్చుని ఆమెకు ఒక్కొక్కటీ చెబుతాడు. నీ పెళ్ళినాటి గౌను రంగు ఇది... నువ్వు నవ్వితే ఇలా ఉంటావు... అని. పోను పోను ఆమెకు అర్థం కాదు. తను ఎదురుచూస్తున్నది చెప్పేవాడి కోసమా, ఆ జ్ఞాపకాలు ఎవరివో అతని కోసమా అని.

ఈ కథ సత్యవతి గారికి ముందే చెప్పాను.

"పోయినోడి మాటలు ఉన్నోడి నోట్లో ఎట్టేడు. మంచి కతే," అంది.

ఆ రాత్రి ఆవిడ కొడుకూ కోడలూ పాయకరావుపేటలో పెళ్ళికి వెళ్ళారు. తెల్లారాక గానీ రారు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. పని పూర్తయింది, చివరిసారి చదివి చూసుకోవాలి. సినిమా చూద్దాం రమ్మని నేనే పిలిచాను. భోజనాలయ్యాక ఆవిడ దుప్పటి కప్పుకుని, చేతిలో ఒక స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. పోకుండలు. కొత్త బెల్లంతో చేసింది. మా వైపు పాకుండలంటాం.

ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపాను. లైటు తీసేశాను. చలికాలం... ఫ్యాన్ కూడా వేయలేదు. ఆవిడ కుర్చీలో, నేను పక్కనే చాప మీద. గోడకు వీపు ఆనించి. నా వెనక గోడ తప్ప ఏమీ లేదు. గోడ అవతల ఖాళీ డాబా.

సగం సినిమా మామూలుగానే జరిగింది. నేను చదువుతున్నాను, ఆవిడ ఊఁ కొడుతోంది. తర్వాత ఒక సీను వచ్చింది. ఆమె స్నేహితుణ్ణి అడుగుతుంది. నేను చదివాను.

"పోయేటప్పుడు... నన్ను తలచుకున్నాడా?"

అతను జవాబు చెప్పడు. టోపీ చేతిలోకి తీసుకుంటాడు.

"ఆపు పద్మా," అంది సత్యవతి గారు.

ఆపాను. మంచినీళ్ళు కావాలేమో అనుకున్నాను. కాదు. తెర మీద ఆగిపోయిన బొమ్మను అలాగే చూస్తూ ఉంది.

"మా ఆయన తలవలేదమ్మా," అంది.

నేను ఆవిడ వైపు తిరిగాను.

"ఆకర్న ఆయనకి మతిమరుపు వచ్చింది. నీకు ఎవరో సెప్పే ఉంటారు. నన్ను గుర్తుపట్టీవారు కాదు. పెళ్ళయిన కాడ్నించీ ఏమే అని పిలిసిన మనిసి, నన్ను అండీ అనీవారు. మంచినీళ్ళిత్తే దండం ఎట్టీవారు. పొద్దోతే సాలు... మా ఇంటిది ఇంకా రాలేదేటండి, అని అడిగీవారు. నన్నే అడిగీవారు."

"మీరేమనేవారు పిన్నిగారూ?"

"ఏటంటాను. మొదట్లో నేనేనండీ అన్నాను. కోపమొచ్చీది. పరాయిదాన్ని ఇంట్లో ఎట్టేరని ఏడిసీవారు. ఇంక మరి... వత్తాదండి, దార్లో ఉందట, అనీదాన్ని. అలాగే ఎదురు సూసేరు. నా సెయ్యి అట్టుకునే పోయేరు పద్మా. మా ఇంటిది రాలేదనే పోయేరు."

ఆవిడ ఏడవలేదు. గొంతు కూడా వణకలేదు. బజారు నుంచి వచ్చి చెప్పినట్టు చెప్పింది. అదే నాకు కష్టంగా అనిపించింది.  ఆవిడే డబ్బా మూత తీసి నా ముందుకు జరిపింది.

"తిను. ఎయ్యి సినిమా," అంది.

వేశాను.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. నేను కూడా జాగ్రత్తగా చెబుతాను. ఒక్క మాట కూడా కలపను.

ఆ తర్వాత వచ్చేది రేవు సీను. వాళ్ళిద్దరూ చెక్కబల్ల మీద కూర్చుంటారు. మాటలుండవు. చాలాసేపు ఉండవు. స్క్రిప్టులో కూడా ఏమీ లేదు. నది, గాలి, కట్టేసిన పడవ రేవు చెక్కకు తగిలే చప్పుడు. టక్... టక్... అంతే. ఆ తర్వాత ఆమె లేచి ఒక మాట అంటుంది. అప్పటిదాకా నాకు చదివే పని లేదు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే ఒక పోకుండ తీసుకున్నాను. ఒక్కసారిగా సగం కొరికాను. అది గట్టిగా ఉంటుంది, తెలుసుగా... దవడ నొప్పి పుట్టేలా నమలాలి. నోరంతా నిండిపోయింది.

టక్... టక్...

"ఏటే... ఇంకా కూకునే ఉన్నావా?"

సత్యవతి గారు అన్నదనుకున్నాను. ఆవిడ వైపు చూశాను. ఆవిడ పెదవులు కదలడం లేదు. తెర వైపే చూస్తోంది.

"ఊఁ," అంది.

టీవీలోంచి వచ్చిందా అనుకున్నాను. ఆ సినిమాలో తెలుగు ఎక్కడిది? తెర మీద అతను నోరు మూసుకుని నీళ్ళను చూస్తున్నాడు. పడవ టక్ మంటోంది.

"సలి పెడతన్నాది. దుప్పటి సరిగా కప్పుకో."

అప్పుడు తెలిసింది.

అది నా గొంతు.

మన గొంతు ఫోన్లో రికార్డు చేసి వింటే మనకే కొత్తగా ఉంటుంది కదా. నాదేనా అనిపిస్తుంది కదా. అలా ఉంది. బయటి నుంచి వినిపించిన నా గొంతు. నేను చదివే తీరులోనే... ఆ నిదానం, ఆ విరుపు... కానీ యాస నాది కాదు. ఇక్కడిది. అది వచ్చింది నా కుడిచెవి పక్కనుంచి, కొంచెం వెనక నుంచి. వెనక గోడ ఉంది. నా వీపు గోడకు ఆనే ఉంది.

నమలడం ఆపేశాను. చెయ్యి దవడ మీద పెట్టుకున్నాను. దవడ కదలడం లేదు. పెదవులు కదలడం లేదు. నోటినిండా బెల్లం, పిండి.  ముక్కుతో ఊపిరి తీస్తున్నాను... నా ఊపిరి నాకు వినిపిస్తోంది. దానితో పాటే, విడిగా, నా గొంతు మాట్లాడుతోంది.

"సపోటా పండు గింజలు తీసి ఎట్టీదానివి. నువ్వేనని నాకు తెల్సును."

"ఊఁ," అంది సత్యవతి గారు.

"నోటికి పేరొచ్చీది కాదు. పేరు రానప్పుడు ఏటని పిలుత్తాను... అందుకే అండీ అన్నాను."

ఆవిడ దుప్పటి భుజం మీదికి లాక్కుంది. నెమ్మదిగా. ఎవరో చెబితే లాక్కున్నట్టు.

"వచ్చేవు కదా. ఇంక బెంగ నేదు."

"ఎక్కడికెల్లేనని," అంది సత్యవతి గారు, బాగా చిన్న గొంతుతో. "ఇక్కడే ఉన్నాను."

ఆ తర్వాత ఏమీ లేదు. పడవ. టక్... టక్... నేను తల తిప్పలేదు. తిప్పితే నా పక్కన ఏం కనబడుతుందోనని కాదు. ఏమీ కనబడకపోతే ఏం చేయాలో తెలియక.

తెర మీద ఆమె లేచి నిలబడింది. మాట్లాడింది. కింద నేను రాసిన తెలుగు అక్షరాలు వచ్చాయి, పోయాయి. ఎవరూ చదవలేదు.

"ఆగిపోయేవేటి పద్మా? సదువు," అంది ఆవిడ మామూలుగా.

ఎలా మింగానో తెలియదు. చదివాను. గొంతు పెగిలేటప్పుడు భయం వేసింది... ఇది నాదేనా, నేను చదువుతున్నానా, లేక... మెడ మీద వేళ్ళు పెట్టుకుని చదివాను. లోపల అదురుతోంది. నాదే. సినిమా అయిపోయేదాకా వేళ్ళు తీయలేదు.

అయిపోయాక ఆవిడ లేచింది. ఈ పూట ఇక్కడే పడుకోండి పిన్నిగారూ, అన్నాను. బతిమాలినట్టే అన్నాను. "నిద్దరొత్తంది అమ్మా, నా మంచం మీద పడుకుంటే గానీ పట్టదు," అని మెట్లు దిగిపోయింది. కింద తలుపు గడియ పడిన చప్పుడు విన్నాను. వెంటనే ఇంట్లో ఉన్న లైట్లన్నీ వేశాను. వంటింటిది, బాత్రూముది కూడా.

ఫైలు తీసి చూశాను. ఆ సీనులో ఒక్క అక్షరం లేదు. ఆమె అడిగిన ప్రశ్న తర్వాత ఖాళీ... తర్వాత మళ్ళీ ఆమె మాటే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పూర్తి సౌండుతో విన్నాను. నది, గాలి, పడవ. ఎంత విన్నా అంతే.

పొద్దున్నే మా ఆయన వచ్చాడు. చెప్పాను. నవ్వింది ఈయనే. "ఆవిడ కథ విని నీ మనసు పాడైంది. నీకు తెలియకుండా నువ్వే అనేసి ఉంటావు," అన్నాడు. నేను డబ్బాలోంచి పోకుండ తీసి, ఆయన ఎదురుగానే నోరు నింపుకుని మాట్లాడి చూపించాను. పిండి రాలింది తప్ప ఒక్క మాటా తిన్నగా రాలేదు. ఆయన నవ్వు ఆపి స్నానానికి వెళ్ళిపోయాడు.

కిందికి దిగితే సత్యవతి గారు అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. నన్ను చూసి అడిగింది.

"ఆ దేసంలో కూడా సపోటాలు ఉంటాయేటి పద్మా?"

మెట్టు మీదే ఆగాను.

"ఎందుకండీ?"

"రాత్రి ఇన్నాం కదా. గింజలు తీసి ఎట్టీదానివి, అని. మా ఆయనకీ ఆకర్న అదొక్కటే సయించీది. గింజలు తీసి గుజ్జు సేసి ఎట్టీదాన్ని. సూడు మరి... ఎక్కడో ఆవిడ కూడా అలాగే సేసింది."

సపోటా సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ చెప్పలేదు, కోడలు చెప్పలేదు. ఆలోచించుకున్నాను, ఎన్నిసార్లు ఆలోచించుకున్నానో. మిగతాదంతా ఆవిడ నోటివెంట విన్నదే, నా బుర్రలో ఉన్నదే... మా ఆయన అన్నట్టు నేనే అన్నాననుకుందాం. ఆ సపోటా ఎక్కడిది?

కానీ ఆవిడ మొహం చూస్తే ఏం అడగాలనిపించలేదు. ఆ మొహాన్ని నేను అంతకుముందు చూడలేదు. ఏదో మోస్తున్నది దించి పక్కన పెట్టినట్టు ఉంది.

"ఉంటాయండీ," అన్నాను.

అబద్ధమే. నిజం చెప్పి ఏం చేయను?

కొన్నాళ్ళు గడిచాయి. ఆవిడ కోడలు ఒకరోజు బట్టలు ఆరేస్తూ అంది, "మా అత్త ఈమధ్య బాగా నిద్దరోతన్నాది వదినా. ఇదివరకు తెల్లవార్లూ కూకునే ఉండీది." నేను తలూపాను. 

నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, నా గొంతు ఆగిందో లేదో వినేదాన్ని. పాపతో ఫోన్లో మాట్లాడినా అంతే. అది తెనాలిలో మా అమ్మ దగ్గర చదువుకుంటోంది. "అమ్మా, ఉన్నావా?" అని అడిగేది. ఉన్నానే... అనేదాన్ని. ఎందుకో ఆ మాట రెండుసార్లు అనేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం సత్యవతి గారు పైకి వచ్చింది. ఎండ బాగా ఉంది. వీధిలో బెల్లం దిమ్మలు వేసుకున్న లారీ వెనక్కి వెళుతూ కూత పెడుతోంది. ఇంట్లో వెలుతురు.

"ఆ రేవు కాడి ముక్క మల్లీ ఒకసారి ఎయ్యి పద్మా," అంది. "ఆ మాటలు వినాలనుంది."

ఏం చేయాలి చెప్పండి? అందులో మాటల్లేవు పిన్నిగారూ అని చెప్పాలా? చెబితే... ఆవిడ దించుకున్నది మళ్ళీ ఎత్తుకుంటుంది. చెప్పకపోతే, ఆ మాటలు నేను అనాలి. నాకు ప్రతి అక్షరం గుర్తుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

వేశాను. నది వచ్చింది. పడవ టక్ మంది. నేను ఆవిడ పక్కన అదే చోట కూర్చున్నాను.  గొంతు సవరించుకున్నాను. ఆ యాస నాకు రాదని చెప్పానుగా... అయినా ఆ రాత్రి విన్నది విన్నట్టు పలికాను. ఏటే, ఇంకా కూకునే ఉన్నావా... సలి పెడతన్నాది... సపోటా పండు... పేరొచ్చీది కాదు... వచ్చేవు కదా, ఇంక బెంగ నేదు.

ఒక్కటి కూడా వదల్లేదు.

ఆవిడ ఊఁ కొట్టలేదు.

 నేను ఆపాక నా తల మీద చెయ్యి వేసింది.

"మాటలు అవేనమ్మా," అంది. "ఆ గొంతు కాదు."

"ఆ రోజూ నేనే కదండీ చదివింది," అన్నాను. నా మాట నాకే సరిగా వినబడలేదు.

ఆవిడ నా వైపు చూసింది. వింతగా ఏం చూడలేదు. జాలిగా చూసింది, ఏమీ తెలియని చిన్నపిల్లను చూసినట్టు.

"నువ్వా?" అంది.

అంతే. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

నాకు వినిపించింది నా గొంతు. ఇది ఎక్కడైనా చెబుతాను. ఆవిడకు వినిపించింది ఎవరి గొంతో ఆవిడ చెప్పలేదు. ఒకే గదిలో, ఒకే క్షణంలో, అవే మాటలు... ఇద్దరికీ రెండు గొంతుల్లోనా? లేకపోతే ఆ రాత్రి అక్కడ ఎవరూ ఏమీ అనలేదా... అనకపోతే ఇద్దరం ఒకే మాటలు ఎలా విన్నాం?

ఆ సినిమా పంపించేశాను. ఆ సీను ఎలా ఉందో అలాగే, మాటల్లేకుండానే పంపాను. డబ్బాడు పోకుండలు మళ్ళీ వచ్చాయి కింది నుంచి, మా ఆయన తిన్నాడు. సత్యవతి గారు బాగానే ఉంది. రోజూ పలకరిస్తుంది. అడిగితే చెబుతుందేమో. అడగాలనే అనుకుంటాను. మెట్ల దాకా వెళ్తాను... ఆవిడ కింద వరండాలో కూర్చుని ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నట్టు, మధ్యమధ్యలో ఊఁ కొడుతున్నట్టు అనిపిస్తుంది. వెనక్కి వచ్చేస్తాను.